తిశ్రం పాట, చతురశ్రం గళ్ళు

ప్రశ్న: మా చర్చి యువజన బృందం కోసం ఒక పాట రికార్డు చేస్తున్నాం. డ్రమ్స్ మా పిన్ని కొడుకు వాయించాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అదే హాలులో ఎనిమిది మైకులు పెట్టాం. కిక్‌కు (కాలితో వాయించే డ్రమ్ము) ఒకటి, స్నేర్‌కు (కర్రతో వాయించే ప్రధాన డ్రమ్ము) పైన ఒకటి, కింద ఒకటి, టామ్‌లకు రెండు, డ్రమ్స్ పైన ఎత్తులో ఓవర్‌హెడ్‌లు రెండు, హాలు మోత కోసం దూరంగా ఒకటి. హైహ్యాట్‌కు (జంట తాళాలకు) విడిగా మైకు లేదు. పాట 6/8. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు 80 బీపీఎం (నిమిషానికి 80 బీట్లు), 4/4, గ్రిడ్ (దెబ్బలను అతికించే కాలపు గీతలు) 1/16లో ఉంది. క్లిక్ (లయ చెప్పే టక్కు) వింటూనే వాయించాడు గానీ పల్లవి వచ్చినప్పుడల్లా పరుగెడుతున్నాడు. కీబోర్డు నేనే మిడిలో (శబ్దంగా కాక స్వరాల సూచనలుగా) వాయించి గ్రిడ్ మీద సర్దాను, దానితో డ్రమ్స్ పొసగడం లేదు. అందుకని కిక్ ట్రాకునూ, స్నేర్ పై ట్రాకునూ దెబ్బ దెబ్బకూ కోసి గ్రిడ్‌కు అతికించాను. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు స్నేర్ రేకు డబ్బాలా పలుచగా మోగుతోంది, కొన్నిచోట్ల రెండేసి దెబ్బలు వినిపిస్తున్నాయి, ఫిల్‌లు (నడక మధ్యలో వేసే చిన్న దెబ్బల వరుసలు) కుంటుతున్నాయి. తమ్ముడు విని ‘ఇది నేను వాయించింది కాదు’ అని అలిగాడు. ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు గనక మళ్ళీ వాయించే వీలు లేదు. బేస్ గిటారు, గాత్రాలు ఇంకా రికార్డు కావాలి. డ్రమ్స్ మొత్తం తీసేసి ప్యాడ్ శబ్దాలతో ప్రోగ్రామ్ చేసుకోమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: తీసేయకండి. మీరు పంపిన రెండు ముక్కలూ విన్నాను, కోయకముందుది, కోసిన తర్వాతిది. మొదటిదానిలో మంచి వాయింపు ఉంది, అక్కడక్కడ నాలుగైదు దెబ్బలు తప్పాయి. రెండోదానిలో ఆ మంచి వాయింపు లేదు, తప్పిన దెబ్బలు మాత్రం వేరే రూపంలో అలాగే ఉన్నాయి. మీ తమ్ముడు అలగడంలో న్యాయం ఉంది.

ముందుగా ఒక ఊరట. రీపర్ మీ అసలు రికార్డింగును ముట్టుకోలేదు. కోయడం, జరపడం అంతా ప్రాజెక్టులో రాసుకున్న సూచనలే. డిస్కులోని వేవ్ ఫైళ్ళు ఆ ఆదివారం ఎలా పడ్డాయో అలాగే ఉన్నాయి. ప్రాజెక్టును వేరే పేరుతో ఒకసారి దాచి, కోసిన ట్రాకులు తీసేసి, అసలు ఫైళ్ళను రికార్డింగు మొదలైన చోటికే తెచ్చి పెట్టండి. రెండు రాత్రుల శ్రమ పోతుందని ఆ కోతలనే బాగుచేయబోకండి. కోతల మీద కోతలు పడితే ఏ దెబ్బ ఎటు, ఎంత జరిగిందో మీకే అంతుపట్టదు.

స్నేర్ ఎందుకు పలచబడిందో తెలిస్తే మిగతా పని సగం తేలికవుతుంది. కర్ర స్నేర్ మీద పడిందంటే ఆ దెబ్బ మీ ఎనిమిది మైకుల్లోనూ పడినట్లే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మిల్లీ సెకనుకు 34 సెంటీమీటర్లు. ఓవర్‌హెడ్ స్నేర్‌కు మీటరు ఎత్తున ఉంటే అక్కడికి దెబ్బ దాదాపు 3 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. హాలు మైకు ఐదు మీటర్ల దూరంలో ఉంటే 15. ఈ తేడాలు దోషం కావు. పాట మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా అవి మారవు గనక చెవి వాటిని ఒకే డ్రమ్ముగా, ఒకే గదిగా వింటుంది. మీరు స్నేర్ పై మైకును మాత్రమే జరిపారు, అదీ ఒక దెబ్బను కాస్త ముందుకు, తర్వాతి దాన్ని ఇంకాస్త వెనక్కి. మిగతా మైకుల్లో అవే దెబ్బలు పాత చోటే ఉండిపోయాయి.

ఒకే శబ్దం రెండు మైకుల్లో 2.5 మిల్లీ సెకన్ల తేడాతో, సమానమైన బలంతో కలిసిందనుకోండి. 200 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి నెట్టేటప్పుడు రెండోది కిందికి లాగుతుంది, రెండూ కొట్టేసుకుంటాయి. స్నేర్‌కు ఒళ్ళు ఉండేది ఇంచుమించు అక్కడే. తేడా 1 మిల్లీ సెకను అయితే ఈ కొట్టివేత 500 దగ్గర, 1500 దగ్గర, 2500 దగ్గర, ఇలా మెట్లు మెట్లుగా పడుతుంది. మీరు జరిపిన దూరం దెబ్బకొక రకంగా ఉంది గనక ఒక స్నేర్ పలుచగా, పక్కది మొద్దుగా, ఆ పక్కది ముక్కుతో పలికినట్లుగా వినిపిస్తోంది. ఈక్వలైజర్‌తో సరిచేద్దామని చూసినట్లున్నారు, 200 దగ్గర చాలా పెంచారు. కలిసేటప్పుడు కొట్టేసుకుని పోయిన దాన్ని ఎంత పెంచినా తిరిగి రాదు. ఆ పెంపు తీసేయండి.

మీరు ప్రస్తావించని చిన్న సంగతి ఇంకొకటి ఉంది. స్నేర్ పై పొర కర్ర దెబ్బకు లోపలికి పోయినప్పుడు కింది పొర బయటికి వస్తుంది. కాబట్టి కింది మైకు తరంగం సాధారణంగా పై మైకుకు తలకిందులుగా ఉంటుంది. కింది ట్రాకు మీద పోలారిటీ తిప్పే మీట నొక్కి, రెండింటినీ కలిపి వినండి. ఏ స్థితిలో శబ్దం లావుగా ఉంటే దాన్ని ఉంచండి. ఇది కోతలన్నిటికంటే ముందు, ఒక్కసారి చేసే పని.

ఫిల్‌లు కుంటడానికి కారణం పూర్తిగా వేరు. 80 బీపీఎంలో ఒక బీటు 750 మిల్లీ సెకన్లు. మీ పాట 6/8, అంటే తిశ్ర నడక. బీటును మూడుగా పంచితే దెబ్బలు 0, 250, 500 దగ్గర పడాలి. మీ గ్రిడ్ చతురశ్రంలో ఉంది. పదహారో వంతులంటే బీటుకు నాలుగు గీతలు, 0, 187.5, 375, 562.5 దగ్గర. తమ్ముడు 250 దగ్గర చక్కగా వేసిన దెబ్బకు అందులో దగ్గరి గీత 187.5. 500 దగ్గరి దెబ్బకు దగ్గరిది 562.5. అంటే సరైన దెబ్బలను కంప్యూటర్ ఒకదాన్ని 62.5 మిల్లీ సెకన్లు ముందుకూ, ఒకదాన్ని అంతే వెనక్కూ లాక్కుపోయింది. బీటు మొదట్లో పడే కిక్, స్నేర్‌లకు రెండు లెక్కల్లోనూ గీత ఒక్కటే గనక మామూలు నడక బాగానే ఉన్నట్లు తోచింది. ఫిల్ రాగానే గుట్టు బయటపడింది.

గ్రిడ్‌ను ట్రిప్లెట్ ఎనిమిదో వంతుకు (బీటుకు మూడు గీతలు) మార్చండి. గబగబా వాయించిన ఫిల్‌ల దగ్గర ట్రిప్లెట్ పదహారో వంతు పెడితే 125 మిల్లీ సెకన్లకు ఒక గీత వస్తుంది. టైమ్ సిగ్నేచర్‌ను 4/4 నుంచి ఇప్పుడు మార్చనక్కరలేదు, మీ ఒక్కో బార్‌లో (నాలుగు బీట్ల ఆవృతంలో) 6/8 బార్లు రెండు ఇముడుతున్నాయి, అంతే. అన్నట్టు, కీబోర్డును కూడా ఆ 1/16 గ్రిడ్ మీదే సర్దానన్నారు కదా. పట్టి ఉంచిన కార్డుల (కలిపి నొక్కిన స్వరాల) దగ్గర తేడా తెలియదు. పల్లవిలో విడివిడిగా స్వరాలు వాయించిన చోట మాత్రం అది తిశ్రంలో లేదు. తమ్ముడి పరుగని మీరు అనుకున్న దానిలో కొంత మీ వేళ్ళదే, కాదు, మీ గ్రిడ్‌దే. ముందు దాన్ని విప్పి, ట్రిప్లెట్ గ్రిడ్ మీద మళ్ళీ సర్దుకోండి.

ఇక అసలు పరుగు. అది నిజమే, కానీ ఎంత? కోయని ముక్కలో పల్లవి ఎనిమిది బార్లనూ కొలిచి చూశాను. మొదటి బార్ కిక్ క్లిక్ కంటే 4 మిల్లీ సెకన్లు ముందు పడింది. రెండో బార్‌ది 11, మూడోది 18, అలా బార్‌కు ఇంచుమించు 7 చొప్పున పెరుగుతూ ఎనిమిదో బార్‌కు 53 అయింది. ఆ బార్ చివరి ఫిల్‌లో అతను తానే సర్దుకుని చరణం మొదటి దెబ్బను క్లిక్ మీదే వేశాడు. చేయి తడబడినవాడి లెక్క ఇలా ఉండదు. 80కి బదులు 80.2 దగ్గర నిలకడగా వాయించి, చివర తెలిసే తగ్గించాడు. పల్లవి అంటే సంఘమంతా గొంతు కలిపే చోటు. అక్కడ ఆ మాత్రం ఉరుకు ఉంటే పాటకు మంచిదే. కదలకుండా కూర్చున్న కీబోర్డు పక్కన ఉన్నందువల్లే అది తప్పుగా వినిపిస్తోంది.

అందుకని డ్రమ్స్‌ను కీబోర్డు దగ్గరికి ఈడ్చుకురాకండి, కీబోర్డునే డ్రమ్స్ దగ్గరికి పంపండి. మిడి గనక అది టెంపో ఎటు పోతే అటు వస్తుంది, శబ్దం చెడదు. ముందుగా ఎనిమిది డ్రమ్ ట్రాకుల టైమ్‌బేస్‌ను (ట్రాకు టెంపో వెంట పోవాలా, గడియారం వెంటా అనే అమరిక) ‘టైమ్’కు మార్చండి. ఇది మరిచిపోతే టెంపో మార్చగానే డ్రమ్స్ కూడా దానితో పాటు సాగుతాయి, కుదించుకుంటాయి, మొదటికే మోసం వస్తుంది. తర్వాత పల్లవి మొదటి బార్ దగ్గర టెంపో మార్కర్ పెట్టి 80.19 అని రాయండి. ఎనిమిదో బార్ దగ్గర ఇంకొకటి, 78.6. ఆ బార్ 3000 మిల్లీ సెకన్లకు బదులు 3053 పట్టింది గనక ఆ లెక్క వచ్చింది. చరణం మొదట మళ్ళీ 80. మార్కర్లు క్రమంగా మారే రకంవి కాకుండా, ఆ చోట ఒక్కసారిగా మారే రకంవి అయి ఉండాలి. ఇప్పుడు బార్ గీతలు కిక్‌ల మీదికి వచ్చి కూర్చుంటాయి. మిగతా పల్లవులకు మీరే కొలవండి, ప్రతిసారీ అవే అంకెలు రావు. బార్ గీతకూ కిక్‌కూ మధ్య ఎంచి చూస్తే దూరం ఎంతో రీపరే చెబుతుంది.

ఇందులో ఒక్క కోత కూడా లేదని గమనించండి. మీ పనిలో తొంభై పాళ్ళు ఇక్కడితో అయిపోతుంది. కీబోర్డు మిడిగా కాకుండా ఆడియోగా ఉండి ఉంటే వేరే దారి లేక డ్రమ్స్‌నే కోయాల్సి వచ్చేది. అప్పుడైనా దెబ్బ దెబ్బకూ కాదు, బార్‌కు ఒక ముక్కగా కోసి రెండోదాన్ని 11, మూడోదాన్ని 18, ఇలా వెనక్కి జరిపితే చాలు. బార్ లోపల దెబ్బకూ దెబ్బకూ ఉన్న దూరం అతని చేతిది, దాని జోలికి పోనక్కరలేదు.

మిగిలింది నిజంగా తప్పిన దెబ్బలు. నా మట్టుకు 10 మిల్లీ సెకన్ల లోపు తేడాను ముట్టుకోను. 20 లోపు ఉంటే తెర ఆపేసి విని నిర్ణయిస్తాను. మీరు పంపిన ముక్కలో నన్ను ఆపినవి రెండు. రెండో చరణంలో ఒక స్నేర్ 38 ఆలస్యం. ఆ తర్వాతి ఫిల్ నుంచి బయటపడుతూ వేసిన కిక్, క్రాష్ (పెద్ద తాళం) 45 ముందు. ఈ రెంటినీ ఎలా సర్దాలో చెబుతాను, ఇలాంటివి ఇంకెక్కడ ఉన్నా ఇదే పద్ధతి.

మొదట ఎనిమిది ట్రాకుల్లోని ముక్కలనూ ఎంచుకుని జీ మీట నొక్కండి, అవి ఒక గుంపు అవుతాయి. ఇకపై ఒకటి తెగితే అన్నీ తెగాలి, ఒకటి కదిలితే అన్నీ కదలాలి. కోసేది ఎస్ మీట. మొదటి కోత వేయగానే ఒక ముక్కను కావాలని పక్కకు లాగి, ఎనిమిదీ వచ్చాయో లేదో చూసి, అన్‌డూ చేయండి. ఏడు కదిలి ఒకటి ఆగిపోతే ఇందాకటి పలుచని స్నేర్ మళ్ళీ పలకరిస్తుంది.

ఇప్పుడు ఆలస్యమైన స్నేర్ దగ్గరికి రండి. స్నేర్ పై ట్రాకును బాగా పెద్దది చేసి చూడండి. ట్యాబ్ నొక్కితే కర్సర్ తర్వాతి దెబ్బ అంచు మీదికి దూకుతుంది. కోయవలసింది అక్కడ కాదు, దానికి 8 మిల్లీ సెకన్ల ముందు. స్నేర్ దెబ్బ అన్నిటికంటే ముందు చేరేది స్నేర్ మైకుకే గనక దాన్ని చూసి కోస్తే మిగతా ఏడింటిలో దెబ్బ పుట్టకముందే కోత పడుతుంది. ఓవర్‌హెడ్‌ను చూసి కోస్తే స్నేర్ ట్రాకులో దెబ్బ మొన తెగిపోతుంది, తెగిన మొనను ఏ క్రాస్‌ఫేడూ (ఒక ముక్క తగ్గుతూ ఇంకొకటి పెరిగే అతుకు) అతికించలేదు. రెండో కోత తర్వాతి హైహ్యాట్‌కు ముందు వేయండి. హైహ్యాట్‌కు మైకు లేకపోయినా స్నేర్ మైకుకు అది పక్కనే గనక అందులో కనిపిస్తుంది. మధ్యన చిక్కిన ముక్కను 38 ముందుకు జరపండి.

ఎడమ వైపున అది ముందరి ముక్క మీదికి ఎక్కుతుంది, ఇబ్బంది లేదు. ముందరి ముక్క కుడి అంచును అంతమేర కుదించి, స్నేర్ మొదలయ్యేలోపే ముగిసేలా 5 నుంచి 8 మిల్లీ సెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టండి. కుడి వైపున 38 మిల్లీ సెకన్ల ఖాళీ మిగులుతుంది. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. స్నేర్ ముక్క కుడి అంచును పట్టి లాగి ఖాళీ పూడుస్తారు. అలా లాగితే ఏం బయటికి వస్తుంది? ఆ ఫైలులో స్నేర్ తర్వాత ఉన్నది, అంటే 8 మిల్లీ సెకన్ల మోత తోక, ఆ వెంటనే హైహ్యాట్ మొన. అదే హైహ్యాట్ కాసేపటికి తన ముక్కలో మళ్ళీ మోగుతుంది. మీకు వినిపిస్తున్న జంట దెబ్బల్లో సగం ఇలా పుట్టినవే. మిగతా సగం ఓవర్‌హెడ్‌లలో ఉండిపోయిన పాత దెబ్బలు. తేడా ఇరవై ముప్పై మిల్లీ సెకన్లు దాటితే చెవి వాటిని రెండుగా విడదీస్తుంది. కాబట్టి ఖాళీని ఎప్పుడూ కుడివైపు ముక్క ఎడమ అంచును లాగి పూడ్చండి. దాని వెనక ఉన్నది స్నేర్ మోత తోక మాత్రమే. ఆ తోకలో 38 మిల్లీ సెకన్లు రెండోసారి వస్తాయి, క్రాస్‌ఫేడ్ కింద ఎవరికీ తెలియదు.

ఇలా జరిపేటప్పుడు స్నేర్‌తో పాటు ఆ క్షణంలో పడిన హైహ్యాట్ కూడా 38 ముందుకు వస్తుంది. రెండు చేతులూ కలిసి ఆలస్యమై ఉంటే అది మంచిదే. హైహ్యాట్ సమయానికే పడి స్నేర్ చేయి ఒక్కటే వెనకబడి ఉంటే మాత్రం ఒకదాన్ని దిద్దబోయి రెండోదాన్ని చెడగొట్టినట్లవుతుంది. అప్పుడు కోయడం మానేసి, అదే చరణంలో బాగా వచ్చిన ఇంకో బార్‌ను ఎనిమిది ట్రాకులతో సహా కాపీ చేసి అక్కడ పెట్టండి. మొదటి చరణం మూడో బార్ రెండో చరణానికి ఇచ్చినందుకు అడిగేవారు లేరు. ఎంతో నేర్పుగా చేసిన కోతల కంటే ఇది చాలాసార్లు బాగుంటుంది, నిమిషంలో అవుతుంది.

ముందుగా పడిన క్రాష్ సంగతి కాస్త మెలికైనది. దాన్ని 45 వెనక్కి జరిపితే ముందు ఖాళీ వస్తుంది, అది పైన చెప్పినట్లే ఎడమ అంచుతో పూడుతుంది. చిక్కంతా వెనక అతుకులో ఉంది. క్రాష్ రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటుంది. దాని మధ్యలో, చిన్న హైహ్యాట్ దెబ్బ దగ్గర అతుకు వేస్తే మోత ఒక్క క్షణం మింగినట్లు వినిపిస్తుంది. తర్వాతి బలమైన స్నేర్ దాకా ముక్కను అలాగే సాగనిచ్చి, అతుకును ఆ స్నేర్ ముందు వేయండి, దెబ్బ దాన్ని కప్పేస్తుంది. మధ్యలోని హైహ్యాట్‌లు కూడా 45 వెనక్కి పోతాయి కదా అంటారేమో. ఫిల్ నుంచి తొందరగా బయటపడిన చేయి సాధారణంగా తర్వాతి స్నేర్ దాకా అదే తొందరలో ఉంటుంది, మీ ముక్కలోనూ అంతే ఉంది. ఇక్కడ క్రాస్‌ఫేడ్ 20 మిల్లీ సెకన్ల దాకా ఉండవచ్చు, స్నేర్ మొనకు ముందే ముగియాలి. అందుకు కోతను కూడా ఇంకాస్త ముందుకు జరుపుకోండి.

ఫిల్‌లలో అతను ఫ్లామ్‌లు వాడతాడు, చిన్న దెబ్బ ఒకటి, దాని వెంటనే పెద్దది. ట్యాబ్ చిన్నదాని దగ్గరే ఆగుతుంది. గీత మీదికి రావలసింది పెద్దది, కోత పడవలసింది చిన్నదానికి ముందు. హాలు మైకులో అతుకులు మరీ వినిపిస్తుంటే ఆ చోట దాన్ని తగ్గించి, కొద్దిగా రివర్బ్ (కృత్రిమంగా చేర్చే హాలు మోత) కలపండి. అంతకంటే దాని గురించి తల పట్టుకోనక్కరలేదు.

ఇదంతా యంత్రమే చేయదా అని మీకు అనిపిస్తూ ఉంటుంది. చేస్తుంది. రీపర్‌లో డైనమిక్ స్ప్లిట్ ఉంది, ప్రో టూల్స్‌లో బీట్ డిటెక్టివ్, క్యూబేస్‌లో హిట్‌పాయింట్లు, లాజిక్‌లో ఫ్లెక్స్ ఉన్నాయి. ట్రాకులు గుంపుగా ఉండి, గ్రిడ్ సరైనదైతే అన్నీ మంచి పనిముట్లే. వందకు వంద శాతం గ్రిడ్ మీదికి లాగవద్దు, అరవై డెబ్బై శాతం దగ్గర ఆపితే తప్పిన దెబ్బలు దారికొస్తాయి, సరైనవి దాదాపు కదలవు. సాగదీసే పద్ధతులను మాత్రం క్రాష్, హైహ్యాట్ లాంటి తాళాలు ఎక్కువగా మోగే చోట వాడకండి, దెబ్బ మొనలు అరిగిపోతాయి, తాళాల మోత నీళ్ళలో మునిగినట్లవుతుంది. రోజర్ లిన్ 1980లో ఎల్‌ఎం-1 డ్రమ్ కంప్యూటర్ తెచ్చినప్పుడు, దెబ్బలను గీత మీదికి తెచ్చే ఏర్పాటుతో పాటు వాటిని గీత నుంచి కొలతగా పక్కకు జరిపే స్వింగ్‌ను కూడా అందులో పెట్టాడు. రెంటి అవసరమూ మొదటి నుంచీ తెలిసినవాడన్నమాట. మీ పాటలో మూడో ఎనిమిదో వంతు ప్రతి బీటులోనూ పది పన్నెండు మిల్లీ సెకన్లు ఆలస్యంగా పడుతోంది, పాట పొడుగునా ఒకే తీరులో. అది తప్పు కాదు, అతని నడక. దాన్ని సరిచేస్తే రెండోసారి అలుగుతాడు, ఈసారి ఒప్పించలేరు.

పని అయ్యాక తెర ఆపి, ఓవర్‌హెడ్‌లు రెండే సోలోలో పెట్టి మొత్తం పాట వినండి. కిక్, స్నేర్ మైకులు లోపాలను దాచిపెడతాయి, ఓవర్‌హెడ్‌లు దాచవు. అక్కడ అతుకు వినబడకపోతే ఎక్కడా వినబడదు. తర్వాత ప్రాజెక్టుకు ఇంకో నకలు తీసి, ఒక్కో ట్రాకును మొదటి నుంచి చివరి దాకా గ్లూ చేసి ఒకే ముక్కగా మార్చుకోండి. ఆ పాటను తమ్ముడికి పంపి, కోసిన చోట్లేవో చెప్పకుండా వినమనండి. అతను ఏ బార్ దగ్గరైనా ఆగితే ఆ బార్‌ను కోయకముందు ఉన్నట్లే మళ్ళీ పెట్టండి, వాదించకండి. పాటలో అతని పేరు ఉంటుంది.

ప్రోగ్రామింగ్ మాట. ప్యాడ్ శబ్దాలతో మంచి పాటలు చాలా వచ్చాయి, నాకు వాటితో పేచీ లేదు. మొదటి నుంచీ అలా అనుకుని చేస్తే అది ఒక పద్ధతి. చేతిలో ఇంత మంచి టేక్ పెట్టుకుని, తప్పుడు గ్రిడ్ చేసిన పనికి దాన్ని పారేయడం మాత్రం అన్యాయం. కిక్ బలం చాలదనిపిస్తే అసలు కిక్ కింద ఒక నమూనా శబ్దాన్ని సన్నగా కలపండి, అసలుదాన్ని తీసేయకుండా. కలిపాక దాని మొన అసలు కిక్ మొనతో కచ్చితంగా కలిసిందో లేదో చూడాలి, కారణం ఇప్పుడు మీకు తెలుసు.

తర్వాతి పాటకు క్లిక్‌ను బీటుకు ఒక టక్కు కాకుండా తిశ్రంలో, మొదటిది గట్టిగా, తర్వాతి రెండూ మెల్లగా పెట్టండి. 750 మిల్లీ సెకన్ల ఖాళీలో డ్రమ్మరుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పల్లవిలో క్రాష్‌లు మొదలయ్యాక క్లిక్ అసలు వినబడి ఉండదు కూడా. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఇవ్వండి, వీలైతే మూడు టేకులు తీయండి, ఇచ్చిపుచ్చుకోవడానికి బార్లు దొరుకుతాయి.

బేస్‌ను ఇదంతా ముగిసే దాకా రికార్డు చేయవద్దు. చేసేటప్పుడు ఆ వాయించే వ్యక్తికి క్లిక్ ఇవ్వకండి, డ్రమ్స్, కీబోర్డు రెండే వినిపించండి.